కుప్పం సర్వర్‌లో మొదటి లైను

నేను డిగ్రీ పాసయ్యాను.

పొద్దున ఇంకా కాఫీ కూడా తాగలేదు. మా ఆయన ఫోన్‌లో నా హాల్‌టికెట్ నంబరు కొట్టి, కళ్ళజోడు ఒకసారి పైకి జరిపి, ఒకసారి కిందికి జరిపి, చివరికి "పాసయినావు పో" అన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. చూశాడు. అదే వచ్చింది. బీఏ, సెకండ్ క్లాసు, అరవై దాటిన వయసులో. మా అమ్మ వైపు గానీ, నాన్న వైపు గానీ డిగ్రీ అన్నది ఇంతవరకు ఎవరికీ లేదు. మా అమ్మాయి కూడా నర్సింగ్ డిప్లొమా దగ్గర ఆగింది. అంటే మా వంశానికంతా నేనే మొదటి గ్రాడ్యుయేట్‌ని. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, అయినా కొట్టెయ్యబుద్ధి కావడం లేదు.

న్యాయంగా అయితే నేనిప్పుడు అందరికీ ఫోన్లు చేస్తూ ఉండాలి. కానీ ఉద్యోగంలో మరిచిపోలేని రోజు గురించి, కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లల కోసం నాలుగు పేజీలు రాయమని ఈ పత్రికవాళ్ళు అడిగి చాలాకాలమైంది. రాస్తాను, రాస్తాను అంటూ తప్పించుకుంటున్నాను. ఎందుకంటే ఆ రోజు గురించి రాయాలంటే ఈ డిగ్రీ గురించి కూడా రాయాలి. అది చేతికి రాకముందు రాయడం నాకు ఇష్టం లేకపోయింది. ఇప్పుడు వచ్చింది కాబట్టి ముందు ఇది రాసేస్తాను, ఫోన్లు తర్వాత.

నేను మదనపల్లెలో పుట్టి పెరిగాను. నాన్న మిషన్ ఆసుపత్రి కాంపౌండ్‌లో తోటపని చేసేవాడు. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకుని, తొంభైలలో ఒక పాల కంపెనీలో టైపిస్టుగా చేరాను. హెడ్డాఫీసు మదనపల్లెలో ఉండేది. పుంగనూరులోనూ, కుప్పంలోనూ పాలు చల్లబరిచే కేంద్రాలు ఉండేవి. కొన్నాళ్ళకి టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, నన్ను ఆపరేటర్ అన్నారు. రెండువేల సంవత్సరం దాటాక మూడు చోట్లా ఒక్కో సర్వర్ పెట్టారు. సర్వర్ అంటే మరేం లేదు, ఏ ఊళ్ళో ఏ రైతు ఏ పూట ఎన్ని పాలు పోశాడో, వెన్న శాతం ఎంతో, అదంతా దాచిపెట్టుకునే పెద్ద కంప్యూటరు. మదనపల్లె, కుప్పం సర్వర్లు నా బాధ్యత. పుంగనూరుది ఇంకో కుర్రాడు చూసేవాడు. ఆ కుర్రాడికి డిగ్రీ ఉంది కాబట్టి ఆఫీసర్. నాకు లేదు కాబట్టి ఆపరేటర్. పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. దానికి వాడే ఎక్కువ సిగ్గుపడేవాడు.

మా మేనేజరు మంచివాడే. నువ్వు డిగ్రీ కాగితం తీసుకొచ్చిన మర్నాడే ఆఫీసర్ గ్రేడు ఆర్డరు నీ చేతిలో పెడతానని మాటిచ్చాడు. అందుకని దూరవిద్యలో బీఏ కట్టాను. చంటిపిల్లని పెట్టుకుని, డ్యూటీ చేసుకుంటూ, ఒక్కో పేపరూ లాక్కుంటూ వచ్చాను. చివరికి ఎకనామిక్స్ పేపరు ఒక్కటి మిగిలింది. దూరవిద్యలో కూడా ఒక గడువుంటుంది. ఆ లోపల అన్ని పేపర్లూ పాసవకపోతే అంతకుముందు పాసైనవి కూడా లెక్కలోకి రావు, మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి కట్టాలి. ఆసారి ఎకనామిక్స్ పరీక్షే నా గడువులో ఆఖరిది. ఆ సంగతి మా ఆయనకీ, మేనేజరుకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఇక కుప్పం పెద్దాయన గురించి చెప్పాలి. ఆయన మొదట్లో ఆ కేంద్రంలో లెక్కలు రాసే గుమాస్తా. రిటైర్మెంటు దగ్గరపడిన వయసులో, నేను చెబుతుంటే, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ కంప్యూటర్ నేర్చుకున్నారు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వాక్యంలో మాట్లాడగలిగేవారు. సర్వర్ గదిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట విడవాలని కంపెనీ రూలు, దుమ్ము రాకుండా. మూడు ఊళ్ళలోనూ ఆ రూలు పాటించిన మనిషి ఆయన ఒక్కరే. అదీ దుమ్ము కోసం కాదు.

ఆ రోజుల్లోనే బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చి హెడ్డాఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్ళాడు. దానితో మూడు సర్వర్లనీ మదనపల్లెలో కూర్చునే కనిపెట్టుకుని ఉండొచ్చు. తెరమీద మూడు డబ్బాలు, ఒక్కో ఊరికి ఒకటి. అంతా బాగుంటే డబ్బా పచ్చగా ఉంటుంది. ఫ్యానో, డిస్కో మొరాయిస్తే ఎర్రగా మారుతుంది. నేను పొద్దున్నే వచ్చి, మూడూ పచ్చగా ఉన్నాయని చూసుకుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని పని మొదలుపెట్టేదాన్ని.

అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక పట్టింపు. ఏ సర్వర్‌నైనా చూసుకునే ముందు, నీలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఏది, ఎన్నో వెర్షను అని ఆరా తీస్తుంది. దొరికిన జవాబు తనకి తెలిసిన వాటిలో ఉంటేనే పని చేస్తుంది. లేకపోతే ఆ డబ్బా బూడిద రంగులోకి మారి, మధ్యలో ప్రశ్నగుర్తు వస్తుంది. ఇక ఆ సర్వర్ పొగలు కక్కుతున్నా దానికి పట్టదు. కొన్ని నెలలు నిక్షేపంగా పచ్చగా ఉన్న కుప్పం డబ్బా ఒకరోజు అలా బూడిద రంగుకి తిరిగింది. కింద "గుర్తుతెలియని ఆపరేటింగ్ సిస్టమ్" అని ఉంది.

నాకు అంతుపట్టలేదు. మూడు సర్వర్లలోనూ ఒకే సీడీ నుంచి ఎక్కించాం. రెండింటిని గుర్తుపట్టి మూడోదాన్ని ఎవరో అన్నట్టు చూడటమేమిటి? బెంగళూరు ఇంజనీరుకి ఫోన్ చేస్తే, అందులో వెర్షను ఏదో మారిపోయి ఉంటుంది, మా సాఫ్ట్‌వేర్‌కి దాని సపోర్ట్ లేదు, తీరిక దొరికినప్పుడు వచ్చి మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కిస్తాను అన్నాడు. మేనేజరుతో చెబితే ఆయనకి ఇంకా తేలిగ్గా అనిపించింది. "పాలు వస్తాండాయి, బిల్లులు పోతాండాయి. ఆ డబ్బా ఏ రంగులో ఉంటే నీకేమమ్మా?" అన్నాడు. రెండు మూడుసార్లు గుర్తుచేసి నేనూ ఊరుకున్నాను. బూడిద రంగుకి కూడా కళ్ళు అలవాటు పడతాయి.

సరిగ్గా నా పరీక్షకి ముందురోజు సాయంత్రం కుప్పం నుంచి ఫోను.

"అమ్మా, సర్వరు కుయ్యోమని అరస్తాండాది. డిస్కు కాడ ఎర్రలైటు ఎలగతాండాది" అన్నారు పెద్దాయన.

ఒక్కో సర్వర్‌లో రెండు డిస్కులు ఉండేవి. రెండింట్లోనూ ఒకే సమాచారం. ఒకటి పోయినా రెండోది నిలబెడుతుంది. కుప్పంలో ఒకటి పోయింది. మిగిలిన దానిలోనూ చిన్న చిన్న తప్పులు మొదలయ్యాయని ఆయన చదివి వినిపించిన వరుసల్లో అర్థమైంది. ఇదంతా చాలా ముందే మదనపల్లెలో తెరమీద ఎర్రగా కనిపించాల్సిన విషయం. ఆ సాఫ్ట్‌వేర్ కుప్పాన్ని వెలివేసింది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. వారానికోసారి సమాచారమంతా టేపు మీదికి ఎక్కించి పాల ట్యాంకర్‌లో మాకు పంపేవారు. ఆ ఆఖరి టేపు తీసి చూస్తే చదవడానికి రాలేదు. రెండో డిస్కు కూడా పోయిందంటే కుప్పం చుట్టుపక్కల ఎవరు ఎన్ని పాలు పోశారో చెప్పడానికి నోటిమాటలు తప్ప ఏమీ మిగలవు. జనం వచ్చి నిలదీసేది ఆ పెద్దాయన్ని. కంపెనీ సంజాయిషీ అడిగేదీ ఆయన్నే, రేపోమాపో రిటైరయ్యే మనిషిని.

కొత్త డిస్కు మదనపల్లెలో నా బీరువాలో ఉంది. పుంగనూరు కుర్రాడు కామెర్లతో మంచం పట్టి ఉన్నాడు. ఆ పని తెలిసిన మూడో మనిషి లేరు. పరీక్ష మధ్యాహ్నం. తొలి బస్సుకి కుప్పం వెళ్ళి, డిస్కు మార్చి, నకలు దిగడం మొదలుపెట్టించి, వెంటనే తిరుగు బస్సెక్కితే పరీక్ష హాలుకి అందుకోవచ్చు. అదే మా ఆయనతో చెప్పాను.

"లెక్క బాగానే ఉండాది. బస్సోళ్ళకి సెప్పినావా ఈ లెక్క?" అన్నాడు.

పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. ఒళ్ళో ఎకనామిక్స్ పుస్తకం, కాళ్ళ మధ్య సంచిలో చీరలో చుట్టిన డిస్కు. ద్రవ్యోల్బణం పాఠం తీశాను గానీ రోడ్డు గుంతలకి ఒక్క వరుస కూడా కళ్ళ ముందు నిలవలేదు. అయినా బస్సు సమయానికే చేరింది. పెద్దాయన కేంద్రం గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

డిస్కు మార్చడం ఎంతసేపు. పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదానిలోకి నకలు దించాలి. ఆ పని చేసేది కూడా బెంగళూరు సాఫ్ట్‌వేరే, దాని భాగం ఒకటి ప్రతి సర్వర్‌లోనూ ఉంటుంది. ఆదేశం ఇచ్చాను. ఈ ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో నాకు తెలియదు, ఈ పని చెయ్యను అని జవాబిచ్చింది. ఇంకోసారి ఇచ్చాను. అదే జవాబు. అన్నాళ్ళూ రంగు గొడవే కదా అనుకున్నది ఆ నిమిషాన పీకల మీదికొచ్చింది.

బెంగళూరుకి ఫోన్ కలిపాను. ఇంజనీరు మొదట పాత పాటే పాడాడు, వచ్చి చెరిపేస్తానన్నాడు. రెండో డిస్కు పరిస్థితి చెప్పేసరికి ఆ పాట ఆపాడు. తర్వాత నెమ్మదిగా, "మేడం, మా సాఫ్ట్‌వేర్ వెర్షను తెలుసుకునేది ఒకే ఒక్క ఫైల్లో. అందులోనూ మొదటి లైను మాత్రమే చదువుతుంది. ఆ ఫైలు తెరిచి పైనేముందో నాకు చదవండి" అని ఫైలు పేరు చెప్పాడు.

తెరిచాను. రెండే లైన్లు ఉన్నాయి. కింది లైన్లో మదనపల్లెలో, పుంగనూరులో ఉన్న పేరే, అదే వెర్షను, పొల్లుపోకుండా ఉంది. పై లైన్లో ఒక గడి గుర్తు, అదే # పెట్టి, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని ఉంది.

"శ్రీ అని ఉంది" అన్నాను ఫోన్‌లో.

"ఏమి?"

"శ్రీ."

కొంచెంసేపు ఆలోచించి, "అట్లాంటి వెర్షను ఏదీ లేదే మేడం" అన్నాడు పాపం.

నా వెనక నిలబడిన పెద్దాయన ఏమాత్రం తొట్రుపడకుండా, "అది నేను రాసిందే కదమ్మా" అన్నారు.

అడిగితే నిదానంగా చెప్పారు. కొన్నాళ్ళ కిందట ఇదే ఇంజనీరు మూడు ఊళ్ళకీ ఫోన్ చేసి, ఏ సర్వర్‌లో ఏ వెర్షను ఉందో ఫైలు తెరిచి చదివి చెప్పమన్నాడట. మదనపల్లెలో నేనూ, పుంగనూరులో కుర్రాడూ చూసి చదివేసి మూసేశాం. ఈయన మాత్రం రాయడానికి తెరిచినట్టు తెరిచారు. తెరిచాక శ్రీ రాయకుండా ఉండటం ఆయనకి చేతకాదు. చిట్టా మొదటి పేజీ అయినా, చాకలి పద్దు అయినా, ఆయన చెయ్యి పడిన ప్రతి కాగితం పైన ముందు శ్రీ పడాలి. కంప్యూటర్ కాబట్టి జాగ్రత్త కూడా తీసుకున్నారు. కొన్ని ఫైళ్ళలో లైను ముందు గడి గుర్తు పెడితే కంప్యూటర్ ఆ లైను చదవకుండా దాటిపోతుందని ఆయనకి తెలుసు. అందుకే ఆ గుర్తు పెట్టి మరీ రాశారు. ఈ ఫైలు ఆ రకం కాదని ఆయనకెలా తెలుస్తుంది? వెర్షను ఏదని అడిగినందుకే వెర్షను కనిపించకుండా పోయిందన్నమాట.

"ఇదే సార్ అడ్డం పడతాండాది. తీసేస్తే సరిపోతాది" అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. "తుడిసేస్తావామ్మా? డిస్కు ప్రాణం మీదికొచ్చి ఉండాది. యా పొద్దయినా తుడుసు గానీ, ఈ పొద్దు శ్రీని తుడిసేదేంది? రేపు ఆ రెండోది గూడా పోతే నా మనసు నన్ను బతకనిస్తాదా?"

ఫోన్‌లో ఇంజనీరు డిలీట్ కొట్టండి మేడం అంటున్నాడు. ఒక్క మీట నొక్కితే అయిపోయే పని. కానీ నేను చర్చికి వెళ్ళే మనిషిని. ఆ అక్షరాలు నాకు ఏమీ కావు, అందుకే వాటిని తుడిచే హక్కు నాకు లేదనిపించింది. పరీక్షలో పెన్ను ముట్టుకునే ముందు నేను కళ్ళు మూసుకుంటాను. ఆ కాస్తా మానేస్తే పేపరు బాగా పోతుందని ఎవరైనా చెబితే నేను మాత్రం మానేస్తానా?

ఇంజనీరుని అడిగాను, మీది చదివేది మొదటి లైను ఒక్కటే కదా, రెండో లైన్లో ఏమున్నా పట్టించుకోదు కదా అని. పట్టించుకోదు అన్నాడు.

"సార్, తుడిసేది లేదు. కిందికి దించుతా. పైన పేరు, కింద శ్రీ."

ఆయన తెర వంక చూస్తూ ఆలోచించారు. "కిందంటే, సంతకం మాదిరి ఉంటాదా?"

"ఉంటాది సార్."

"అట్లయితే కానీ."

రెండు లైన్లూ తారుమారు చేసి, మళ్ళీ ఆదేశం ఇచ్చాను. ఈసారి మారుమాట లేకుండా పని మొదలుపెట్టింది. మదనపల్లె నుంచి మేనేజరు ఫోన్ చేసి, కుప్పం డబ్బాకి రంగొచ్చిందని చెప్పాడు, ఆ రంగు తన చేతిమీదుగానే వచ్చినంత సంబరంగా.

కానీ నకలు దిగడం పాలు తోడుకున్నట్టే, తొందరపెడితే అయ్యేది కాదు. పక్కన శాతం అంకెలు పాకుతున్నాయి. నా బస్సు వేళ దగ్గరపడింది. నా సంచిలో పుస్తకం చూసి పెద్దాయనకి పరీక్ష సంగతి తెలిసింది.

"నువ్వు పోమ్మా. దీన్ని నేను సూసుకుంటా" అన్నారు.

"నడమ కరెంటు పోతే ఏం జేస్తారు సార్?"

"జనరేటర్ ఎయ్యమంటా."

"జనరేటర్ పడేలోపల యూపీఎస్ ఆగిపోతే?"

"అప్పుడు నీకు ఫోన్ జేస్తా."

"నేను పరీక్ష హాల్లో ఉంటా సార్."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఈతూరి పోతే, మళ్ళా రాయొచ్చు కదమ్మా ఇది?"

"రాయొచ్చు సార్" అన్నాను.

బస్సు వెళ్ళిపోయింది. కుప్పంలో ఆ ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. నేను యూపీఎస్ పక్కనే కుర్చీ వేసుకుని, ఏది ముందు ఆర్పాలో, ఎవరు జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలో అన్నీ అనుకుని సిద్ధంగా కూర్చున్నాను. మదనపల్లెలో ప్రశ్నపత్రాలు పంచే వేళకి నేను పెద్దాయన క్యారియర్‌లోంచి సంగటి, పప్పు తింటున్నాను. తిన్నాక ఏం చెయ్యాలో తోచక అలవాటు కొద్దీ ఎకనామిక్స్ పుస్తకమే తీశాను. ఏం పాఠమని అడిగారు. ద్రవ్యోల్బణం, అంటే అన్నిటి ధరలూ పెరుగుతూ పోవడం అన్నాను. "పాల ధర తప్ప" అన్నారు ఆయన.

సాయంత్రానికి నకలు దిగడం పూర్తయింది. ఆ రోజు కుప్పంలో కరెంటు పోలేదు. ఒక్కసారి కూడా పోలేదు.

"కరెంటోళ్ళు గూడా నీమీద పగబట్నారు గదమ్మా" అన్నారు పెద్దాయన, నన్ను బస్సెక్కిస్తూ. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఏమీ జరగలేదు కాబట్టి కంపెనీలో ఎవరికీ ఏమీ తెలియలేదు. నెల తిరక్కముందే ఆ రెండో డిస్కు నిజంగానే పోయింది. ఈసారి మదనపల్లెలో డబ్బా ఎర్రబడింది. కామెర్లు తగ్గిన పుంగనూరు కుర్రాడు వెళ్ళి మార్చి వచ్చాడు. ఒక్క రైతు ఒక్క పూట లెక్క కూడా పోలేదు. బెంగళూరు ఇంజనీరు తన పైవాళ్ళకి చెప్పి, తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో గడి గుర్తున్న లైన్లను దాటుకుని చదివేలా చేయించాడు. మీ శ్రీని ఇప్పుడు పైన పెట్టుకోవచ్చని పెద్దాయనకి స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. ఆయన మార్చలేదు.

పిల్లలూ, ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. ఏ సాఫ్ట్‌వేరైనా ఒక మెషిన్‌ని చూసి "ఇదేదో నాకు తెలియదు" అంటే, వెంటనే మెషిన్‌ని చెరపడానికి పోకండి. అది ఎక్కడ చూసి ఆ మాట అంటోందో ముందు అడగండి. మేమందరం, ఆ ఇంజనీరుతో సహా, ఆ ప్రశ్న అడగడానికి డిస్కు పోయేదాకా ఆగాం.

ఆ పరీక్షే నాకు ఆఖరి అవకాశమని పెద్దాయనకి మేనేజరు నోటి నుంచి తెలిసింది. మర్నాడే కుప్పం నుంచి బస్సెక్కి వచ్చారు. నా టేబుల్ ముందు కూర్చుని, మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా, "రాయొచ్చంటివే అమ్మా" అన్నారు.

"రాయొచ్చు సార్. మొదటి నుంచి రాయాల, అంతే" అన్నాను.

వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోయారు. కానీ రిటైరై ఇంటికి వెళ్ళాక కూడా, దూరవిద్య ప్రకటన పేపర్లో పడిన ప్రతిసారీ ఫోన్ చేసేవారు. ఈ ఏడు కట్టినావా అని అడిగేవారు. వచ్చే ఏడు సార్ అనేదాన్ని. అమ్మాయి చదువు, అత్తగారి జబ్బు, ఇల్లు కట్టడం, ఏదో ఒకటి. ఆయన మాత్రం మానలేదు. నేను ఆపరేటర్‌గానే రిటైరయ్యాను. రిటైరైన ఏడే మొదటి సంవత్సరానికి కట్టాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. పరీక్ష తప్పితే రెండోసారి ఆ ముఖం చూడలేను. ఈసారి ఎకనామిక్స్‌లో ద్రవ్యోల్బణం ప్రశ్న వచ్చింది. బాగా రాశాను.

సరే, ఇక ఫోన్లు చెయ్యాలి. మా అమ్మాయి వేలూరులో డ్యూటీలో ఉంటుంది, మధ్యాహ్నం దాకా ఎత్తదు. పుంగనూరు కుర్రాడికి చెయ్యాలి. ఇప్పుడు కుర్రాడేం కాదు, వాడికీ షుగరొచ్చింది. మా పాత మేనేజరుకి, ఆఫీసర్ గ్రేడు ఇప్పుడేం చేసుకోను గానీ మాటిచ్చిన మనిషి కాబట్టి తెలియాలి. బెంగళూరు ఇంజనీరు నంబరు పాతది, కలుస్తుందో లేదో. పాస్టరమ్మకి, మా చెల్లెలికి, మా చెల్లెలి తోడికోడలికి. వీళ్ళందరికంటే ముందు కుప్పం పెద్దాయనకి. చెవులు బాగా మందగించాయి, గట్టిగా అరిస్తే గానీ వినపడదు. అరుస్తాను. మా వీధికి వేరే చెప్పే పని ఉండదు.